ప్రసంగానికి అనుమతి ఎవరిస్తారు?

నజరేతు సమాజమందిరంలో యేసు నిలబడి యెషయా గ్రంథం చదివాడు. గ్రంథాన్ని చుట్టి పరిచారకుడికి ఇచ్చేసి కూర్చున్నాడు. కూర్చున్నాకే బోధించాడు, ఆనాటి యూదు బోధకుల పద్ధతి అది. శాస్త్రుల్లా కాకుండా అధికారం ఉన్నవాడిలా చెబుతున్నాడని జనం ఆశ్చర్యపోయినట్టు మత్తయి, మార్కు ఇద్దరూ రాశారు. ఆ అధికారం నీకెవరిచ్చారని దేవాలయపు పెద్దలు ఆయన్ను నిలదీశారు కూడా. తర్వాత రెండు వేల ఏళ్ళుగా క్రైస్తవ సంఘం తన ప్రసంగీకులను అదే ప్రశ్న అడుగుతూ వచ్చింది.

రెండో శతాబ్దం నడుమ జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాసినదాన్ని బట్టి, ఆదివారం ఆరాధనలో అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రాతలో చదివాక అధ్యక్షుడు హితవు చెప్పేవాడు. పోనుపోను ఆ పని బిషప్పుల సొత్తయింది. మూడో శతాబ్దంలో ఓరిజెన్ అనే పండితుడు ఇంకా గురుపట్టం లేకుండానే కైసరయలో, బిషప్పుల ఎదుటే ప్రసంగించాడు. పిలిచి మాట్లాడించింది ఆ బిషప్పులే. అయినా అలెగ్జాండ్రియా బిషప్పు దెమెత్రియస్ ఇదెక్కడి వింతని మండిపడ్డాడు. ఉత్తర ఆఫ్రికాలోనైతే బిషప్పు ఉండగా గురువులు సైతం నోరు మెదిపేవారు కాదు. అక్కడి హిప్పో నగర బిషప్పు వలేరియస్ గ్రీకువాడు, లాటిన్ అంతంతమాత్రం. అందుకని కొత్తగా గురువైన అగస్టీన్‌ను తన ముందే మాట్లాడనిచ్చాడు. పాశ్చాత్య క్రైస్తవంలో అంత పెద్ద ప్రసంగీకుడికి దారి దొరకడానికి ఒక ముసలాయన భాష తడబాటు కూడా కారణమన్నమాట.

అధికారం చేతికొచ్చినా జనం అదుపులో ఉంటారన్న హామీ లేదు. కాన్‌స్టాంటినోపుల్లో జాన్ క్రిసోస్తమ్ మాటలకు శ్రోతలు నాటకశాలలోలా చప్పట్లు కొట్టేవారు. చప్పట్లు వద్దని ఆయన ఒకరోజు ప్రసంగం మధ్యలో కట్టడి పెట్టబోతే, దానికీ చప్పట్లే మోగాయి.

అసలు పేచీ పన్నెండో శతాబ్దంలో ముదిరింది. లియోన్ నగర వర్తకుడు వాల్డో ఆస్తి పంచిపెట్టి, సువార్తను ఊరి భాషలో రాయించి, అనుచరులతో వీధుల్లో ప్రకటించసాగాడు. 1179లో వాళ్ళు రోమ్‌లో పోపును అనుమతి అడిగారు. వాళ్ళను పరీక్షించిన ఇంగ్లండు పండితుడు వాల్టర్ మ్యాప్ ఆ ముచ్చటను తానే రాసుకున్నాడు. తండ్రిని నమ్ముతారా, కుమారుణ్ణి నమ్ముతారా, పరిశుద్ధాత్మను నమ్ముతారా అని వరసగా అడిగి, అదే ఊపులో క్రీస్తు తల్లిని నమ్ముతారా అన్నాడు. అన్నింటికీ నమ్ముతామన్నారు పాపం. సభ గొల్లుమంది. పండితుల లెక్కలో ఆ రకం విశ్వాసం త్రిత్వానికే చెల్లుతుంది మరి. వీళ్ళను లోపలికి రానిస్తే మనమే బయటికి పోవాల్సి వస్తుందని కూడా మ్యాప్ రాశాడు. నాకైతే పరీక్షకన్నా ఆ మాటే అసలు సంగతి చెబుతుంది. స్థానిక గురువులు ఒప్పుకుంటేనే ప్రసంగించమని పోపు పెట్టిన షరతును వాల్డో మనుషులు పాటించలేదు. 1184లో వెలి పడింది. దాదాపు పాతికేళ్ళ తర్వాత ఇంచుమించు ఇదే కోరికతో వచ్చిన అస్సీసీ ఫ్రాన్సిస్‌కు మూడో ఇన్నోసెంట్ పోపు నోటిమాటగా సరేనన్నాడు.

సంస్కరణోద్యమం ప్రసంగాన్ని ఆరాధనకు నడిబొడ్డున నిలిపిందేగానీ అనుమతుల గొడవను తీర్చలేదు. ఇంగ్లండులో పాత్రలకు మాట్లు వేసే జాన్ బన్యన్ అనుమతి లేని ప్రసంగాలకు 1660 నుంచి పన్నెండేళ్ళు జైల్లో ఉన్నాడు. పొలాల్లో, వీధుల్లో ప్రసంగించిన జాన్ వెస్లీ అంతటివాడికే, తాను లేనప్పుడు థామస్ మాక్స్‌ఫీల్డ్ అనే మామూలు విశ్వాసి ప్రసంగించాడని తెలిసి కోపమొచ్చింది. ఆపించడానికి లండన్‌కు పరుగెత్తుకొస్తే తల్లి సుసన్నా అడ్డుపడింది: ముందు విను, నీకున్న పిలుపే అతనికీ ఉందని మందలించింది. వెస్లీ విన్నాడు, ఒప్పుకున్నాడు.

మన ఒంగోలు ప్రాంతంలో ఆ పిలుపు తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ ఎర్రగుంట్ల పేరయ్యకు వచ్చింది. మిషనరీ జాన్ క్లౌ తాళ్ళకొండపాడు చేరేసరికే అతను చుట్టుపక్కల మనుషులను సిద్ధం చేసి ఉంచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది కూడా దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులేసుకుని. తర్వాతి కాలంలో ఏ మిషన్ పట్టమూ లేని పంజాబీ ఇంజనీరు భక్త్ సింగ్ హైదరాబాదు హెబ్రోన్ కేంద్రంగా వేలమందిని కూడగట్టాడు.

స్త్రీల వంతు ఆలస్యంగా వచ్చింది. బైబిలు స్త్రీలు ఇళ్ళలోకి వెళ్ళి వాక్యం చెప్పారుగానీ పుల్పిట్ వేరే సంగతి. 2013లో పుష్పలలిత నంద్యాల బిషప్పు అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి మహిళ ఆమే. కథోలికుల్లో మాత్రం 1983 నాటి ధర్మశాస్త్రం ప్రకారం పూజలోని ప్రసంగం గురువుకో డీకనుకో మాత్రమే చెల్లుతుంది. ధ్యానకూటంలో గంటసేపు మాట్లాడే గృహిణికి, సువార్త చదివాక వచ్చే ఆ పది నిమిషాలు ఇవ్వరు.