కూచిపూడి మేళములు: నటుల శిక్షయు జీవనక్రమమును

నాట్యచరిత్రము వ్రాసినవారు సాధారణముగాఁ బ్రబంధములను, వానిని రచించిన కవులను, పోషించిన ప్రభువులను గూర్చి విస్తరించి వ్రాసిరి. ఆ ప్రబంధములను రంగమున నాడి చూపిన నటులు బాల్యమున నేమి నేర్చిరి, యే వయస్సున నే వేషము ధరించిరి, దేహపాటవము తగ్గిన పిదప నెట్లు జీవించిరి యను విషయము ప్రసంగవశమునఁ జెప్పఁబడుటయే కాని ప్రత్యేకముగా విచారింపఁబడుట యరుదు. నటులు లేనిచో నాటకము పుస్తకమాత్రమై నిలుచును. కావున నీ విచారము చరిత్రమున కనావశ్యకము గాదు.

ఈ విషయమునకు సంబంధించిన పురాతనవివాద మొకటి వ్యాకరణశాస్త్రమునఁ గలదు. పాణిని యష్టాధ్యాయి ప్రథమాధ్యాయ చతుర్థపాదమున, విద్యాగ్రహణవిషయమున బోధించువానికి నపాదానసంజ్ఞను విధించెను. ఆ విద్యాగ్రహణమునకు సూత్రమున నుపయోగమని పేరు. అందుచే నుపాధ్యాయునివలన నభ్యసించునపుడు పంచమి వచ్చును. దీనికిఁ బ్రత్యుదాహరణముగా వ్యాఖ్యాతలు నటుని గాథను వినుటను జూపిరి. అచ్చటఁ బంచమి రాదు, షష్ఠియే వచ్చును. అనఁగా నటునికడ వినుట విద్యాగ్రహణము గాదని తాత్పర్యము. పతంజలి యీ తీర్పును సులభముగా నంగీకరింపలేదు. నాట్యమున కుద్యమించువారును నటుని విందమని రంగమునకుఁ బోవుచున్నారు గదా, యదియు నుపయోగమే కాదా యని మహాభాష్యమున నాక్షేపించి, సమాధానముగా రెండు లక్షణములు చెప్పెను. గ్రంథమును దదర్థమును రెంటిని గ్రహించుట యుత్తమోపయోగ మనునది మొదటిది; నియమపూర్వకముగా జరుగునదియే యుపయోగ మనునది రెండవది. ఈ రెంటిని గొలఁబద్దగాఁ గొని కూచిపూడి మేళముల శిక్షను బరీక్షించినచో నటవిద్య షష్ఠికిఁ దగినదో పంచమికిఁ దగినదో తేలఁగలదు.

నటవిద్యకు శాస్త్రము పాణినికిఁ బూర్వమే యున్నదనుటకు సందేహము లేదు. శిలాలియుఁ గృశాశ్వుఁడును బ్రవచించిన నటసూత్రములను, వాని నధ్యయనము చేయు నటులకుఁ గలుగు నామములను నతఁడే నాల్గవ యధ్యాయమున సాధించెను. ఆ సూత్రములు నేఁడు లభింపవు. లభించినవానిలోఁ బ్రాచీనమగు భరతుని నాట్యశాస్త్రము ముప్పదియైదవ యధ్యాయమున నటసమాజమును వర్ణించుచున్నది. సూత్రధారుఁడు, నటుఁడు, విదూషకుఁడు మొదలుకొని మకుటములు చేయువాఁడు, మాలలు కట్టువాఁడు, రంగులు వేయువాఁడు, తుదకుఁ జాకలివఱకు నందఱును సమాజాంగములుగా నందుఁ బరిగణింపఁబడిరి. ఏ దేహమున కే భూమిక తగునో యచ్చటనే చెప్పఁబడినది. పురుషుఁడు స్త్రీభూమికను, స్త్రీ పురుషభూమికను వహించుట రూపానుసారిణి యను ప్రకృతిభేదము. సూత్రధారుఁడు గీతవాద్యతాళములు, ఛందస్సు, నానాశాస్త్రములు, దేశాచారములు నెఱిఁగినవాఁడై యుండవలెనని నియమము.

జీవనవిషయమునఁ గౌటిల్యుఁడు కొంత చెప్పెను. పరదేశమునుండి వచ్చిన సమాజము ప్రదర్శనమునకైదు పణములు రాజునకుఁ జెల్లింపవలెను. గీతవాద్యనృత్యాదులు నేర్పువారికి రాజే జీవిక కల్పింపవలెను. కుశీలవులు వర్షకాలమున నొక్కచోటనే నిలిచి యుండవలెను. ఈ మూఁడు విధులవలన నటుల బ్రదుకు సంచారజీవనమనియు, దానికి శిక్ష యనునది స్థిరమైన యంగమనియుఁ దెలియుచున్నది. అయినను ధర్మశాస్త్రములు కుశీలవుని నిమ్నస్థానముననే యుంచినవి. విద్యకు శాస్త్రమున గౌరవము, విద్వాంసునకు సంఘమున లాఘవము: ఈ వైరుధ్యము నాంధ్రదేశమునఁ దొలఁగింపఁ జూచినవారు కూచిపూడి భాగవతులు.

కూచిపూడి కృష్ణామండలమున మొవ్వకుఁ జేరువనున్న గ్రామము. దీనికిఁ గుశీలవపురియనియుఁ గుచేలపురమనియు సంస్కృతవ్యుత్పత్తులు చెప్పుదురు. ఇవి విద్య ప్రసిద్ధమైన పిదపఁ గల్పింపఁబడినవిగాఁ దోఁచును. ఏలయన పూడి యంతమందుఁ గల గ్రామనామము లీ సీమలోఁ బెక్కులు గలవు, అదే పేరుగల గ్రామము తెనాలి ప్రాంతమునను గలదు. నామమువలన నటచరిత్రమును సాధించుట యుక్తము గాదు.

అంతకంటె నుపయుక్తమైన సాక్ష్యము మాచుపల్లి కైఫీయత్తు. సిద్ధవటసీమ నేలుచుండిన సంమెట గురవరాజు ధనముకొఱకు స్త్రీలను హింసించుచుండఁగాఁ గూచిపూడి భాగవతులు చూచి, విజయనగరమున కేఁగి, వీరనరసింహరాయలయెదుట నా దారుణమును గేళికగా నాడి చూపిరనియు, రాయలు సేనను బంపి గురవరాజును దండించెననియు దానియందుఁ గలదు. ఈ సంగతి 1502లో జరిగినదని పలువురు వ్రాసిరి. తుళువ వీరనరసింహుని పట్టాభిషేకము 1505లో నైనట్లు చరిత్రకారులు చెప్పుదురు గావున నా సంవత్సరమును నిశ్చయముగాఁ జెప్పరాదు. కైఫీయత్తులు మెకంజీకాలమున, అనఁగాఁ బంతొమ్మిదవ శతాబ్ద్యారంభప్రాంతమున సంగ్రహింపఁబడినవి. నడుమ మూఁడువందల యేండ్ల వ్యవధానము గలదు. అయినను మేళవ్యవస్థనుగూర్చి యది సూచించునది విలువగలది. ఒకఁడు గురవరాజుగను, వేఱొకఁడు స్త్రీగను, ఇతరులు భటులుగను వేషములు ధరించి, చూచిన వృత్తాంతమును దత్కాలమున రూపకముగాఁ గూర్పఁగలిగిరనిన, వారికిఁ గంఠపాఠముగా వచ్చిన ప్రబంధమేకాక రూపకల్పనయందు శిక్షయుఁ గలదని యొప్పుకొనవలెను. కథ పరంపరాగతమే యైనను, మేళ మిట్టి పని చేయఁగలదను నమ్మకము జనులకుండెననుట నిస్సంశయము.

గోల్కొండప్రభువగు నబుల్ హసన్ తానీషా (1672-1687) గ్రామమును భాగవతుల కగ్రహారముగా నిచ్చెనని పరంపర. 1763 నాఁటి పత్రమువలనఁ గుటుంబములవారు తమలోఁ దాము నివేశనములను బంచికొనినట్లు తెలియుచున్నది. వేదాంతము, వెంపటి, చింతా, భాగవతుల, పసుమర్తి, మహంకాళి మున్నగు నింటిపేరులు నేఁటికిని నాట్యముతోఁ గూడియే వినఁబడును. ఇల్లు, విద్య, మేళము నొక్కచోఁ గూడుటచే సంచారజీవులగు నటులకు మరలివచ్చుటకొక యూరు గలిగినది. ఇది శిక్ష నిలుచుటకు ముఖ్యకారణము.

ఆ శిక్ష బాల్యముననే యింట నారంభమగుచుండెను. తండ్రియో పినతండ్రియో మేనమామయో గురువు. మొదట నడుగుల సాధన; కాళ్లకు జతులు కుదిరిన పిదప హస్తములు, దృష్టిభేదములు, శిరోభేదములు. అభినయదర్పణము కంఠస్థము. దీనితోఁ గూడ నమరము, కావ్యములు, సంగీతము. జయదేవు నష్టపదులు, నారాయణతీర్థుల తరంగములు, క్షేత్రయ్య పదములు నభినయమునకుఁ బాఠ్యములు. కూచిపూడి నటుఁడు తన దరువును దానే పాడి, తన వచనమును దానే పలికి, దాని నభినయింపవలెను. కావున గాత్రము లేని పాదములును, అర్థజ్ఞానము లేని గాత్రమును నచ్చటఁ జాలవు. భామాకలాపమున సత్యభామ పాత్రకు నాయికాభేదములు తెలియవలెను. గొల్లకలాపమున గొల్లభామ బ్రాహ్మణునితో గర్భోత్పత్తిక్రమమును యజ్ఞతత్త్వమును వాదించును. శాస్త్రార్థ మెఱుఁగనివాఁ డా వేషమును ధరించినచో వాక్యములు మిగులును గాని వాదము నిలువదు. ఇట్లు పతంజలి చెప్పిన మొదటి లక్షణము, గ్రంథార్థముల రెంటి గ్రహణము, సిద్ధించినది.

రెండవదగు నియమమును సిద్ధేంద్రయోగి పేరఁ బరంపర కల్పించినది. ఆతని కాలమునుగూర్చి పండితులలో నైకమత్యము లేదు. కూచిపూడి బ్రాహ్మణకుటుంబములఁ బుట్టిన ప్రతిబాలుఁడును జీవితమున నొక్కమాఱైన సత్యభామవేషము ధరింపవలెనని యాతఁ డొట్టు పెట్టించుకొనెనని చెప్పుదురు. వృత్తాంతము చారిత్రకమైనను గాకున్నను దాని ఫలము ప్రత్యక్షము. నటుఁడగుట యిష్టాధీనము గాక వ్రతమైనది. వేదాధ్యయనమునకువలె వంశమును గురువును నియమమును దానికిఁ గలిగినవి. ధర్మశాస్త్రము కుశీలవునకుఁ గల్పించిన లాఘవమున కిది యొక ప్రత్యుత్తరమని చెప్పవచ్చును.

మేళమున నటుని జీవితము దేహముయొక్క వయస్సు ననుసరించి నడచుచుండెను. బాలునిగా నతఁడు ప్రహ్లాదుఁడు, లోహితాస్యుఁడు. యౌవనమునఁ దగిన రూపమును గాత్రమును గలవాఁడు సత్యభామ, ఉష, లీలావతి. భరతుఁడు చెప్పిన రూపానుసారిణీప్రకృతి కిదియే లక్ష్యము. తెరపై జడ వైచి, ప్రవేశదరువుతో సత్యభామ వెలువడుట నటునకుఁ గఠినపరీక్ష. దివిటీలపై గుగ్గిలము చల్లఁగా లేచిన వెలుఁగులో నా ముఖము నూరివారందఱు పరిశీలింతురు. దేహము బలిసిన పిదప నతఁడు బాణాసురుఁడు, హిరణ్యకశిపుఁడు. వేషమునకుఁ దగనివాఁడు మృదంగమునో, శ్రుతినో, వంతపాటనో, హాస్యమునో వహించును. రంగమునుండి తొలఁగినను మేళమునుండి తొలఁగఁడు.

ఈ సోపానమునకుఁ దుదిమెట్టు సూత్రధారత్వము. కూచిపూడి సూత్రధారుఁడు సంస్కృతనాటకమునందువలెఁ బ్రస్తావనతోనే నిష్క్రమింపఁడు. తాళము చేతఁబట్టి తెల్లవాఱువఱకు రంగమున నుండును. భామాకలాపమున నతఁడే భామయెదుట మాధవి, కృష్ణునియెదుట మాధవుఁడు. భర్త పేరు చెప్పుమని భామ నడిగి, యామె సిగ్గుపడఁగా మరల మరల రెట్టించి, యామె యభినయమున కవకాశమిచ్చువాఁ డతఁడు. ఎచ్చట నిలుపవలెనో, యెచ్చటఁ బురికొల్పవలెనో, యెప్పుడు హాస్యమును జొప్పింపవలెనో యది పుస్తకమున లేదు. తానొకప్పుడా జడను ధరించి యా ప్రశ్నల కుత్తరము చెప్పినవాఁ డగుటచే నతనికిఁ దెలియును. భరతుఁడు సూత్రధారునకు విధించిన జ్ఞానమంతయు నేదేని యొక పాఠశాలలో నేర్పఁబడునది గాదు. మేళమున నొక్కొక్క వేషముగా ముప్పదియేండ్లు జీవించుటచేఁ గూడునది. చింతా వేంకటరామయ్య పెంపొందించిన వేంకటరామ నాట్యమండలి యీ క్రమమునకుఁ గడపటి గొప్ప నిదర్శనములలో నొకటి. అందుఁ జింతా కృష్ణమూర్తి సూత్రధారుఁడుగను, వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) ఉషాసత్యభామాది స్త్రీపాత్రలందును బ్రసిద్ధులైరి.

ఈ వ్యవస్థయందుఁ గొఱఁతలు లేకపోలేదు. స్త్రీలకుఁ బ్రవేశము లేదు. ఇతరవంశములవారికిఁ బ్రాయికముగా లేదు. ఆదాయము దాతల యిచ్ఛపై నాధారపడినది. కావున సినిమా వచ్చినపుడు సమర్థులు కొందఱు చెన్నపురి కేఁగుట సహజమే. 1939లో వెలువడిన రైతుబిడ్డ చిత్రమున వేదాంతం రాఘవయ్య నృత్యము చేసెను. పిదప నతఁడు దర్శకుఁడై 1953లో దేవదాసును దీసెను. పసుమర్తి కృష్ణమూర్తి 1951లో వెలువడిన పాతాళభైరవికిని, 1957లో వెలువడిన మాయాబజారునకును నృత్యములఁ గూర్చెను. ఇది వారికిఁ గీర్తికరము, ప్రజలకు లాభము. మేళమునకు మాత్రము సోపానము నడుమ విఱిగినది: యౌవనమున వెడలినవాఁడు వార్ధకమున సూత్రధారుఁడై మరలిరాలేదు.

అదే కాలమున వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకును, వంశబాహ్యులకును నాట్యము నేర్పి యేకపాత్రనృత్యమునకుఁ బ్రతిష్ఠ కలిగించెను. ఆతని శిష్యులలో వెంపటి చినసత్యము (1929-2012) 1963లో మదరాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, క్షీరసాగరమథనము, పద్మావతీశ్రీనివాసము, చండాలిక మొదలగు నృత్యనాటకములతోఁ గ్రొత్త మేళమును నిర్మించెను. అందు స్త్రీపాత్రలను స్త్రీలే ధరించిరి, జాతివంశనియమము తొలఁగినది, అడుగుల శిక్ష మునుపెన్నఁడు లేనంత సునిశితమైనది. కూచిపూడిలోని సిద్ధేంద్రకళాక్షేత్రమును 1985లో స్థాపింపఁబడిన తెలుఁగు విశ్వవిద్యాలయము తరువాత స్వీకరించుటతో శిక్షకుఁ బాఠ్యప్రణాళికయుఁ బరీక్షలును గలిగినవి. స్త్రీలకు మూసియున్న ద్వారము తెఱవఁబడుట న్యాయము. దాని నెవ్వరును గాదనరాదు.

కాని పోయినదేదియో గుర్తింపవలెను. క్రొత్తక్రమమున నర్తకి యాడును, గాయకులు ప్రక్కనుండి పాడుదురు. వాచికము నటునినుండి వేఱైనది. ఏకపాత్రనృత్యమున సూత్రధారుఁడు తాళధారిమాత్రుఁడయ్యెను. బాలవేషమునుండి సూత్రధారత్వమువఱకు నొక్క సమాజమున నడచు జీవనక్రమము లేనందున, యౌవనము గడచిన నర్తకికి బోధకత్వ మొక్కటియే శరణము. చక్కఁగా నాడుట వేఱు, చక్కఁగా నేర్పుట వేఱని కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున గణదాసహరదత్తుల వివాదముఖమునఁ జూపియున్నాఁడు. ఆడినవారందఱు నేర్పఁగలవారు గారు. మేళ మట్టివారికిఁ దాళమును, తెరను, హాస్యమును నిచ్చి నిలుపుకొనెను, పాఠశాల నిలుపుకొనలేదు.

నేఁడు ముద్రితదృశ్యములఁ జూచి యడుగుల ననుకరించువారు దేశవిదేశములఁ బెక్కండ్రు గలరు. వారు చూచుచున్నారు, వినుచున్నారు. అది భాష్యోక్తరీతిని నటుని వినుటయే, షష్ఠీవిషయమే. గురునియమముతో గ్రంథార్థములను గ్రహించిన మేళశిష్యునకుఁ బంచమి చెల్లును. పూర్వవ్యాఖ్యాతలు నటుని బ్రత్యుదాహరణముగాఁ జూపినది రంగస్థుఁడగు నటుని గూర్చియే కాని, యింటఁ గూర్చుండి శిష్యుని దిద్దు నటుని గూర్చి గాదని కూచిపూడిచరిత్రమువలన సిద్ధించుచున్నది.

కావున నాట్యవిద్యను రక్షింపఁ గోరువారు నర్తకుల సంఖ్యను లెక్కించి తృప్తిపడరాదు. తన పాటను దాను పాడఁగలవా రెందఱు, తెల్లవాఱువఱకుఁ గలాపమును నడపఁగల సూత్రధారు లెందఱు, స్త్రీలలో నట్టివారిని సిద్ధపఱచుటకు నే పాఠశాల పూనినది యనునవి విచారింపవలసిన ప్రశ్నలు. స్త్రీపురుషు లిరువురకును సూత్రధారత్వమువఱకు మార్గము గల మేళ మేర్పడిననాఁడు సిద్ధేంద్రునిపేర నిలిచిన నియమమునకు హాని లేదు. భరతుని ముప్పదియైదవ యధ్యాయమునకును సార్థకత కలుగును.