పైయాకు – పుట్టిన నేల

గోదావరి లంకలలో పండిన పొగాకు మెరకచేలలో పండినదానివలె నుండదని మన రైతు లెరుగుదురు. వరద తెచ్చి పరచెడి ఒండ్రుమట్టి దానికొక ప్రత్యేకమైన ఘాటు నొసగును. ఆంగ్ల నవలాకారుడు కోనన్ డాయిల్ 1890లో ప్రకటించిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో లంకచుట్ట పేరు కనబడుటను బట్టి ఆ కీర్తి సీమదాక ప్రాకెనని చెప్పవచ్చును. ఇట్లే తన పేరును ఆకున కిచ్చి ప్రసిద్ధి గాంచిన మరియొక నేల సుమత్రా ద్వీపమునందలి డెలీ. ఆ ప్రసిద్ధిలో నేల పాలెంత, మనుష్యుల పాలెంత యని విచారించుట యుక్తము.

సిగారునకు లోపల నింపెడి యాకు, దానిని బిగించి కట్టెడి యాకు, అన్నిటిపై చుట్టెడి పైయాకు అని మూడు గలవు. తూకమున పైయాకు మిక్కిలి స్వల్పము. వెలలో నదియే మిన్న. అది పలుచనై, సాగునదై, సన్నని యీనెలు గలదై యుండవలయును. తీక్ష్ణమైన యెండలో పెరిగిన యాకు దళసరియై, జిడ్డు హెచ్చి, ఘాటెక్కును. మబ్బునీడలో, తేమగాలిలో పెరిగినది వెడల్పై, పలుచబడి, రుచిలో మృదువగును. నేలలో పొటాషు సమృద్ధిగా నున్నచో ఆకు చక్కగా కాలును. క్లోరైడు హెచ్చినచో నిప్పు నిలువదు.

1863లో నీన్‌హౌస్ అను డచ్చి వర్తకుడు డెలీ చేరి, సుల్తానువలన భూమి పొంది పొగాకు నాటించెను. 1869లో డెలీ కంపెనీ వెలసెను. వాంపు, ఉలార్ నదుల నడుమ నున్న అగ్నిపర్వతపు మట్టి యచ్చటి మేలిపంటకు ఆధారమయ్యెను. ఒక పంట తీసిన నేలను పలు సంవత్సరములు బీడుపెట్టి, పొదలు పెరిగిన పిమ్మటనే మరల సాగుచేసెడివారు.

అడవి నరికి, ఆకు పెంచి, ఆరబెట్టి, పేర్చినవారిలో అధికులు చీనా, జావా కూలీలు. 1880 నాటి కూలీ శాసనము ననుసరించి, ఒడంబడిక గడువు తీరకముందు పని విడిచి పారిపోవుట శిక్షార్హమైన నేరము. 1902లో వాన్ డెన్ బ్రాండ్ అను న్యాయవాది యచ్చటి దారుణములను ఒక చిన్న పుస్తకమున వెల్లడించెను. 1904లో విచారణాధికారి రెమ్రెవ్ అవి నిజమేయని నివేదించెను. ప్రభుత్వ మా నివేదికను ప్రకటింపలేదు.

ఈ నడుమ అమెరికా రైతులు డెలీ యాకుతో పోటీకి దిగిరి. 1900లో కనెక్టికట్టు లోయలో సుమత్రా విత్తనమును పలుచని గుడ్డపందిళ్ళ క్రింద నాటిరి. గుడ్డ మబ్బు పని చేసెను, ఆకు పలుచనయ్యెను. రుచి మాత్రము డెలీది కాలేదు. ఆ లోయ తన రుచినే యిచ్చెను, ఆ యాకు తన నేల పేరుతోనే ప్రసిద్ధమయ్యెను. విత్తనము ఓడ నెక్కును, మన్ను వెంటరాదు.

అయినను ఆ పందిళ్ళు డెలీ కూలీకి మేలే చేసెను. 1930లో అమెరికా సుంకశాసనము నిర్బంధశ్రమతో తయారైన సరకులను నిషేధించెను. ఆ దేశమున చాలినంత పండని వస్తువులకు 2016 వరకు మినహాయింపు ఉండెను. పైయాకు అచ్చట పండుచుండుటచే దానికా రక్ష దొరకదని డెలీ తోటలవారు భయపడిరి. 1931లో వారు తమ కూలీలపై శిక్షానిబంధనను వదలుకొనిరి. పుస్తకమును నివేదికయు పూర్తిగా సాధింపలేనిది వ్యాపారభయము సాధించెను.

ఆకు రుచిని నేల నిర్ణయించును. ఆ రుచికై యెవరెంత బాధపడవలయునో నిర్ణయించినవారు మాత్రము మనుష్యులే.