పరికరంలో పొదిగిన వెబ్ సర్వర్: ఒక నిర్వహణ చరిత్ర

రౌటర్లు, స్విచ్‌ల వంటి నెట్‌వర్క్ పరికరాలకు తెర గానీ కీబోర్డు గానీ ఉండవు కనుక, 1990ల తొలినాళ్లలో వాటిని అమర్చే సాంకేతికుడు సాధారణంగా పరికరం దగ్గరికే వెళ్లి, సీరియల్ పోర్టుకు కేబుల్ తగిలించి, తరచుగా సెకనుకు 9600 బిట్ల వేగంతో నడిచే టెర్మినల్‌పై ఆదేశాలను ఒక్కొక్కటిగా టైపు చేసేవాడు. దూరం నుంచి పని జరపడానికి టెల్నెట్, పరికరాల స్థితిని నెట్‌వర్క్ మీదుగా అడిగి తెలుసుకునే ఎస్‌ఎన్‌ఎంపీ అనే నియమావళి అందుబాటులో ఉన్నా, అవి నిపుణులకే పరిమితమయ్యాయి.

బ్రౌజర్ వాడకం విస్తరించిన కొద్దీ తయారీదారులు ఫర్మ్‌వేర్‌లో, అంటే పరికరపు ఫ్లాష్ చిప్‌లో నిలిచి ఉండే సాఫ్ట్‌వేర్‌లో, చిన్న వెబ్ సర్వర్‌ను పొదగసాగారు. 2002 చివర్లో వెలువడిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ తొలి నమూనాలో ఫ్లాష్ 4 మెగాబైట్లు, ర్యామ్ 16 మెగాబైట్లు మాత్రమే కాబట్టి, లినక్స్ కెర్నెల్, వెబ్ సర్వర్, సెట్టింగుల పేజీలు అన్నీ ఆ ఇరుకు చోటులోనే సర్దుకోవలసి వచ్చింది. గృహస్థు బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టి, పాస్‌వర్డు ఇచ్చి, వైఫై పేరు మార్చి సేవ్ చేస్తే, ఆ మార్పు కరెంటు పోయినా చెరగని ఎన్‌వీర్యామ్‌లో నమోదయ్యేది.

పెద్ద సర్వర్లలో ఈ బాధ్యతను బీఎంసీ అనే ప్రత్యేక చిప్ స్వీకరించింది. ప్రధాన యంత్రం ఆగి ఉన్నా స్టాండ్‌బై విద్యుత్తుతో మేలుకొని ఉండే ఈ చిప్‌తో సంభాషణకు 1998లో ఐపీఎంఐ, 2015లో వెబ్ పద్ధతులనే ఆధారం చేసుకున్న రెడ్‌ఫిష్ ప్రమాణాలుగా వెలువడ్డాయి.

అమర్చడం సులువైనంతగా సంరక్షణ సులువు కాలేదు. అనేక గృహ రౌటర్లలో వాడిన రామ్‌పేజర్ అనే వెబ్ సర్వర్‌లో, కుకీలను స్వీకరించే భాగంలోని లోపాన్ని దాని రూపకర్తలు 2005లోనే సవరించినా, 2014 డిసెంబరులో చెక్ పాయింట్ పరిశోధకులు ఆ లోపాన్ని ప్రకటించే నాటికి దాదాపు 1.2 కోట్ల పరికరాలు పాత రూపంతోనే నడుస్తున్నాయి. సవరణ సర్వర్ రూపకర్త నుంచి చిప్ తయారీదారుకు, అక్కడి నుంచి రౌటర్ కంపెనీకి, చివరకు ఇంటి యజమానికి చేరవలసి ఉండగా, ఈ గొలుసులో ఎక్కడ ఒక కొక్కెం జారినా అది మధ్యలోనే నిలిచిపోయేది. ఈ బాధ్యతను చట్టం గుర్తించడానికి చాలాకాలం పట్టింది: 2024 ఏప్రిల్ 29న బ్రిటన్‌లో అమల్లోకి వచ్చిన నిబంధనలు అన్ని పరికరాలకూ ఒకే పాస్‌వర్డు పెట్టడాన్ని నిషేధించడంతో పాటు, భద్రతా అప్‌డేట్లను కనీసం ఎంతకాలం అందిస్తారో తయారీదారులు ప్రకటించి తీరాలని నిర్దేశించాయి.