‘బాగుచేయడం’ పేరుతో బాల్యం: నేరస్థ జాతుల సెటిల్‌మెంట్లు, పిల్లలు, జవాబుదారీతనం

1. పరిచయం

చిత్తూరు జిల్లా పల్లెల్లో ఎరుకలవారిని ఎరగనివారు అరుదు. వెదురుతో బుట్టలు, చేటలు, తడికెలు అల్లేవారు వారే. సోది చెప్పేవారూ వారే. ఈ సమాజాన్ని వలస ప్రభుత్వం ఒకప్పుడు ‘నేరస్థ జాతి’గా జాబితాకెక్కించిందని చాలామంది వినే ఉంటారు. కాని, వారి పిల్లలను ‘బాగుచేయడానికి’ తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారాన్ని కూడా చట్టంలో రాసుకున్నదన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. ఆ చట్టం ఎలా పనిచేసిందో, దాని కింద గడిచిన బాల్యానికి ఎవరు జవాబు చెప్పారో ఈ పాఠంలో పరిశీలిద్దాం. చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి: పిల్లలను సంస్కరిస్తామనే సంస్థలో ఎవరు ఎవరికి లెక్క చెప్పాలి?

2. చెంగల్పట్టు నుంచి 17వ సెక్షన్ దాకా

నేరం చేసిన పిల్లవాడిని పెద్దల జైలులో ఉంచితే మరింత చెడిపోతాడు, కనుక విడిగా ఉంచి పని, క్రమశిక్షణ నేర్పాలన్న ఆలోచన 19వ శతాబ్దంలో ఐరోపాలో బలపడింది. ఆ ప్రభావంతో భారతదేశంలో 1876లో రిఫార్మేటరీ పాఠశాలల చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 1897 చట్టం ప్రకారం 15 ఏళ్లలోపు బాలుడిని 3 నుంచి 7 ఏళ్ల వరకు ఉంచవచ్చు. 18 ఏళ్లు నిండినవారిని ఉంచకూడదు. మద్రాసు ప్రెసిడెన్సీలో అటువంటి పాఠశాల 1887లో చెంగల్పట్టులో ఏర్పడింది. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా కూడా ఆ ప్రెసిడెన్సీలోనిదే.

ఈ విధానం కఠినమైనదే అయినా ఇందులో ఒక కనీస రక్షణ ఉంది. బాలుడు నేరం చేశాడని ముందుగా న్యాయస్థానం తేల్చాలి. నేరస్థ జాతుల చట్టం ఆ రక్షణను కూడా తీసివేసింది. 1871లో ఉత్తర భారతంలో మొదలైన ఈ చట్టాన్ని 1911లో సవరించి మద్రాసుకూ వర్తింపజేశారు. దాని 17వ సెక్షన్ ప్రకారం, సెటిల్‌మెంటులో ఉంచదగినదిగా ప్రకటించిన జాతి పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, రిఫార్మేటరీ పాఠశాలల్లో పెట్టవచ్చు. ‘పిల్లలు’ అంటే 6 ఏళ్లు దాటి 18 ఏళ్లు నిండనివారు. పిల్లవాడు ఏదైనా తప్పు చేసి ఉండాలన్న షరతు లేదు. ఆ ఇంట పుట్టడమే చాలు. 1924 చట్టంలోనూ ఈ సెక్షన్ కొనసాగింది.

3. సెటిల్‌మెంటులో బాల్యం

ఎరుకలవారు ఒకప్పుడు కోస్తా నుంచి ఉప్పును, లోపలి ప్రాంతాల నుంచి ధాన్యాన్ని పశువులపై మోసుకెళ్లి అమ్మిన సంచార వర్తకులు. ఉప్పుపై ప్రభుత్వ గుత్తాధిపత్యం, రైళ్ల రాక ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయినవారి సంచారమే అధికారుల దృష్టిలో నేర లక్షణమైంది.

1910లలో తెలుగు ప్రాంతంలో సెటిల్‌మెంట్లు వెలిశాయి. స్టూవర్టుపురం, సీతానగరం సెటిల్‌మెంట్లను సాల్వేషన్ ఆర్మీ, కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపాయి. సాల్వేషన్ ఆర్మీ నాయకుడు బూత్ టక్కర్ ఈ పనికి ‘క్రిమినోక్యూరాలజీ’ అని పేరు పెట్టాడు. నేరం ఒక జబ్బు, దానికి చికిత్స ఉంది అని ఆ మాటకు అర్థం. ఈ మాటను జాగ్రత్తగా గమనించండి. శిక్ష అంటే దానికి ఒక గడువు ఉంటుంది. చికిత్స అంటే నయమైందని వైద్యుడు చెప్పేదాకా సాగుతుంది. ఇక్కడ వైద్యుడూ, కాపలాదారూ ఒక్కరే.

సెటిల్‌మెంటు దాటాలంటే పాసు కావాలి, హాజరు పలకాలి. మీనా రాధాకృష్ణ వంటి చరిత్రకారులు చూపినట్లు, స్టూవర్టుపురం మనుషుల శ్రమ చీరాల పొగాకు కర్మాగారానికి అవసరమైంది. సంస్కరణకూ చవక కూలికీ మధ్య గీత చెరిగిపోయింది. మరోవైపు, ఈ మిషన్లు బడులు, వైద్యశాలలు నడిపాయి. కొన్ని కుటుంబాలకు భూమి, చదువు దక్కాయి. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడే చరిత్ర సమగ్రమవుతుంది. అయితే మేలు జరిగిందన్న కారణంతో, పిల్లలను బలవంతంగా వేరుచేసే అధికారం న్యాయమైపోదు.

జవాబుదారీతనం సంగతి చూద్దాం. ఒక జాతిని నేరస్థమని ప్రకటిస్తే ఆ ప్రకటనను ఏ న్యాయస్థానమూ ప్రశ్నించరాదని చట్టమే చెప్పింది. హాజరు తప్పినవాడికి శిక్ష ఉంది. మేనేజరు మీద పిల్లవాడు ఫిర్యాదు చేసుకునే దారి ఆ చట్టంలో కనిపించదు. లెక్క ఎప్పుడూ కింది నుంచి పైకే నడిచింది.

4. తిరుచానూరు నుంచి ఒక అధ్యక్షుడు

మద్రాసు ప్రభుత్వం ఈ చట్టాన్ని 1947లో రద్దు చేసింది. దేశవ్యాప్తంగా ఏమి చేయాలో తేల్చడానికి 1949లో కేంద్రం నియమించిన విచారణ కమిటీకి మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షుడు. ఆయన 1891లో తిరుపతి పక్కనున్న తిరుచానూరులో జన్మించారు. తర్వాత తిరుపతి, చిత్తూరు నియోజకవర్గాల నుంచి లోక్‌సభకు ఎన్నికై స్పీకరుగా పనిచేశారు. కమిటీ 1950లో రద్దునే సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. అందుకే ఆ జాతులను ‘విముక్త జాతులు’ అంటున్నాం.

చట్టం రద్దయింది గాని లెక్క తేలలేదు. సెటిల్‌మెంట్లలో పెరిగినవారిని ఒక్కొక్కరిగా పిలిచి ‘మీకేం జరిగింది?’ అని అడిగిన సత్య శోధన సంఘం మన దేశంలో ఏర్పడలేదు. పాత అనుమానం ‘అలవాటుపడిన నేరస్థుల’ చట్టాల రూపంలో మిగిలింది. జైళ్లలో కులవివక్షపై 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు విముక్త జాతులపై ఈ ముద్రను మళ్లీ చర్చించవలసి వచ్చింది.

5. ఇతర దేశాల అనుభవం

కెనడాలో మూలవాసుల పిల్లలను 1,50,000 మందికి పైగా ఇళ్ల నుంచి వేరుచేసి రెసిడెన్షియల్ పాఠశాలల్లో పెట్టారు. బతికి బయటపడినవారు న్యాయస్థానాలకు వెళ్లి పోరాడారు. 2008లో ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. సత్య, సయోధ్య కమిషన్ 2015 నాటికి 6,500 మందికి పైగా సాక్షుల మాట విన్నది. అమెరికాలో ‘దారి తప్పిన’ కౌమారుల కోసం నడిచే ప్రైవేటు చికిత్సా కేంద్రాల్లో బాధలు పడినవారు ఏళ్ల తరబడి గొంతెత్తిన తర్వాత 2024లో ఒక కేంద్ర చట్టం వచ్చింది. రెండుచోట్లా సంస్థల రికార్డుల కంటే బాధితుల సాక్ష్యమే మార్పుకు మూలమైంది.

6. నేటి చట్టం

మన 2015 బాలల న్యాయ చట్టం లెక్క దిశను కొంత మార్చింది. పిల్లల సంరక్షణ సంస్థలన్నీ నమోదు కావాలి. తనిఖీ కమిటీలు కనీసం మూడు నెలలకోసారి సందర్శించాలి. బృందంలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి తప్పక ఉండాలి. 82వ సెక్షన్ ప్రకారం క్రమశిక్షణ పేరుతో పిల్లలను కొట్టిన సిబ్బందికి మొదటిసారి రూ. 10,000 జరిమానా, మళ్లీ చేస్తే 3 నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. తనిఖీకి వచ్చినవారు రిజిస్టరు చూసి వెళ్లిపోతే మాత్రం 1911 నాటి పద్ధతే మిగులుతుంది. పిల్లవాడితో ఒంటరిగా కూర్చుని మాట్లాడినప్పుడే చట్టానికి ప్రాణం వస్తుంది.

7. సారాంశం

సెటిల్‌మెంట్ల గురించి మనకున్న పత్రాల్లో అధికభాగం మేనేజర్లు, పోలీసులు, మిషనరీలు రాసినవి. అక్కడి పిల్లల మాట వాటిలో దాదాపు లేదు. ఆనాటి పదేళ్ల పిల్లలు ఈనాడు ఎనభై, తొంభై ఏళ్ల వృద్ధులు. వారితోపాటే ఆ సాక్ష్యమూ వెళ్లిపోతోంది. మీ ఊళ్లో అటువంటి అవ్వగాని తాతగాని ఉంటే వెళ్లి కూర్చోండి. ‘నేరం’ అన్న మాటతో మొదలుపెట్టకండి. చిన్ననాటి ఇంటి గురించి, బడి గురించి అడగండి. రాసుకోవడానికి అనుమతి తీసుకోండి. పేరు చెప్పాలా వద్దా అన్నది వారి ఇష్టం. మీరు రాసింది వారికి చదివి వినిపించండి. చరిత్ర విద్యార్థి చెల్లించగల బాకీ ఇది.

8. మీ ప్రగతిని పరిశీలించుకోండి

అ) 1897 రిఫార్మేటరీ పాఠశాలల చట్టానికీ, నేరస్థ జాతుల చట్టం 17వ సెక్షన్‌కూ గల ముఖ్యమైన తేడా ఏమిటి?
ఆ) ‘శిక్ష’కు బదులు ‘చికిత్స’ అనడం వల్ల సంస్థ అధికారం ఎలా పెరుగుతుంది?
ఇ) చట్టం రద్దు కావడం, జవాబుదారీతనం నెలకొనడం ఒకటేనా? చర్చించండి.