పోఖ్రాన్ పరీక్షలు – గౌరీబిదనూరు కేంద్రం: అణు విస్ఫోటనాల కొలతపై చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
పోఖ్రాన్‌లో 1974 మే 18న జరిగిన అణుపరీక్ష శక్తి 12 కిలోటన్నులని ప్రభుత్వం ప్రకటించింది. కిలోటన్ను అంటే వెయ్యి టన్నుల టి.ఎన్.టి. పేలితే వెలువడే శక్తి. ఇటువంటి అంకెను తూకం వేసిన బరువులా స్వీకరించడం పరిపాటి. నిజానికి అది దూరాన నమోదైన సంకేతాల నుండి చేసిన అనుమితి. కనుక అంకెతో పాటు కొలత పద్ధతిని కూడా చరిత్రలో భాగంగా చదవాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

నేపథ్యం:
1954 మార్చి 1న బికినీ దీవిలో అమెరికా జరిపిన 15 మెగాటన్నుల పరీక్ష ధూళి 'లక్కీ డ్రాగన్' అనే జపాను పడవలోని 23 మంది జాలరులపై పడింది. రేడియోధార్మిక ధూళిపై ప్రపంచమంతటా ఆందోళన పెరిగింది. 1963 నాటి పాక్షిక నిషేధ ఒప్పందం వాతావరణం, అంతరిక్షం, జలగర్భాలలో పరీక్షలను నిషేధించింది. భూగర్భ పరీక్షలను భూకంపాల నుండి వేరుచేసి గుర్తించడంపైన, తనిఖీలపైన అంగీకారం కుదరక వాటిని వదిలివేసింది. దానితో భూకంప శాస్త్రానికి ప్రాధాన్యం పెరిగింది.

గౌరీబిదనూరు కేంద్రం:
హిందూపురానికి సమీపాన, తెలుగు విస్తృతంగా వినిపించే కర్ణాటక పట్టణం గౌరీబిదనూరు. భారత అణుశక్తి విభాగం బ్రిటన్ సహకారంతో 1965లో అక్కడ భూకంప గ్రాహకాల కేంద్రాన్ని నెలకొల్పింది. నిజామాబాదు కంఠేశ్వర్ నుండి డిచ్‌పల్లి వైపు వెళ్తే కనిపించే గుట్టల వలెనే అక్కడివీ దక్కను పీఠభూమి ప్రాచీన కఠిన శిలలే. అటువంటి శిలలలో తరంగం అంతగా క్షీణించదు.

ఇరవై గ్రాహకాలను ఆంగ్ల 'ఎల్' అక్షర ఆకారంలో అమర్చారు. తరంగం ఒక్కొక్క గ్రాహకాన్ని చేరే కాలంలోని స్వల్ప భేదం అది వచ్చిన దిక్కును తెలుపుతుంది. ఆ భేదాన్ని సవరించి నమోదులన్నింటినీ కలిపితే స్థానిక అలజడి తగ్గి దూరపు సంకేతం స్పష్టమవుతుంది. పేలుడు రాతిని అన్ని దిక్కులకూ నెడుతుంది. భూకంపంలో శిలలు ఒకదానిపై ఒకటి జారుతాయి. అందువల్ల ప్రాథమిక తరంగాలు సమానంగా ఉన్నా పేలుడులో ఉపరితల తరంగాలు సాధారణంగా బలహీనంగా ఉంటాయి.

అంకెల వివాదం:
1998 మే 11న మూడు పరికరాలను ఏకకాలంలో పేల్చారు. వాటి శక్తి వరుసగా 45, 15, 0.2 కిలోటన్నులని అధికారిక ప్రకటన. పలువురు విదేశీ భూకంప శాస్త్రవేత్తల అంచనాలు మాత్రం మొత్తం 20 కిలోటన్నుల లోపే నిలిచాయి. భూకంప పరిమాణం నుండి శక్తిని లెక్కించడానికి పరీక్షాస్థలపు శిలలకు తగిన స్థిరాంకాన్ని ఎంచుకోవాలి. పరిమాణంలో 0.3 తేడా వచ్చినా శక్తి అంచనా దాదాపు రెండున్నర రెట్లు మారుతుంది. పక్కపక్కనే పేలిన పరికరాల తరంగాలు కొన్ని దిక్కులలో పరస్పరం తగ్గించుకున్నాయని భాభా అణు పరిశోధన కేంద్రం వాదించింది. పరీక్షాస్థలంలో తవ్వి తీసిన శిలా నమూనాల రేడియో రసాయన విశ్లేషణనూ ఆధారంగా చూపింది. 2009లో ఆ పరీక్షలలో పాల్గొన్న కె. సంతానమే ఉష్ణకేంద్రక పరికరం ఫలితాన్ని ప్రశ్నించడంతో చర్చ మళ్లీ మొదలైంది.

ముగింపు:
శాసనాన్ని చదివేటప్పుడు పాఠంతో పాటు రాతినీ, లిపినీ, చెక్కించినవారినీ పరిశీలిస్తాం. అణుపరీక్షల అంకెలకూ ఆ పరిశీలన అవసరం. ఎవరు, ఎక్కడి నుండి, ఏ స్థిరాంకంతో కొలిచారో పేర్కొన్నప్పుడే ఆ అంకె చారిత్రక ఆధారంగా నిలుస్తుంది.