హమాము నేల చల్లబడినప్పుడు

రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం జుహర్ నమాజుకు వెళ్ళేవాడు మస్జిదు ఆవరణలోని నాపరాళ్ళ మీద అడుగు ఆనించి నిలవలేడు. రెండు బిందెల నీళ్ళు కుమ్మరిస్తే ఆవిరి లేస్తుందే గాని రాయి చల్లారదు. వేసవిలో 45 డిగ్రీలు దాటటం ఈ ఊరికి విశేషం కాదు. ఎండల సంగతి వ్రాయవలసి వస్తే పత్రికలవారు ముందు వెదికేది ఈ ఊరి పేరే. ఇటువంటి చోట కూర్చుని, నేలను కింది నుంచి కాచే ఏర్పాట్ల గురించి, అవి చెడిపోయినప్పుడు మన పూర్వులు పడ్డ పాట్ల గురించి వ్రాయబూనుకోవటం చూసి పాఠకులు నవ్వుకుంటే నేను తప్పు పట్టను.

కాని ముస్లిం జగత్తు అంతా పల్నాడు కాదు. డమాస్కస్‌లో, ఇస్ఫహాన్‌లో, శ్రీనగర్‌లో చలికాలపు ఫజర్ వేళ గుసుల్ విధి అయిన మనిషి స్థితి ఊహించండి. నీరు గడ్డకట్టే చలిలో ప్రాణభయం ఉన్నవాడికి తయమ్ముమ్ సదుపాయం ఉన్నది. జాతుస్సలాసిల్ దండయాత్రలో అమ్ర్ ఇబ్నుల్ ఆస్ (ర) చలికి జడిసి తయమ్ముమ్‌తో నమాజు చేయించగా, ఆ సంగతి విని దైవప్రవక్త (స) చిరునవ్వు నవ్వారేగాని అభ్యంతరం చెప్పలేదని హదీసు గ్రంథాలు తెలుపుతున్నవి. అయితే అది ఆపదలో ఉన్నవాడికి ఇచ్చిన వెసులుబాటు. ఒక నగరమంతా నాలుగు నెలలపాటు దాని మీద బతకలేదు. అందుకే మస్జిదు పక్కన హమాము లేచింది. పైసలు పుచ్చుకుని నడిపే వ్యాపారంగానూ, మస్జిదులకు, మదరసాలకు రాబడి తెచ్చే వక్ఫ్ ఆస్తిగానూ అది శతాబ్దాలపాటు నిలిచింది. దాని నేల చల్లబడిందంటే ఒక వీధి నమాజు, ఒక మదరసా జీతాలు రెండూ చిక్కులో పడినట్లే.

మన ప్రాంతంలో హమాము చూడదలచినవారు గోలకొండకు వెళ్ళాలి. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో సుల్తాన్ కులీ కుతుబుల్ ముల్క్ కాలం నాటిదని చెప్పే స్నానశాల ఒకటి ఉన్నది. ఆయన మరణం 1543లో. రాజవంశీకుల భౌతికకాయాలకు ఇక్కడ గుసుల్ చేయించేవారని చెప్పటం వల్ల దానికి శవస్నానశాల అనే పేరు స్థిరపడింది. పైకప్పు గుమ్మటాలలో వెలుతురు కోసం విడిచిన రంధ్రాలు, వేడినీటికి చన్నీటికి వేరువేరు తొట్లు, గోడలలో ఇమిడ్చిన మట్టిగొట్టాలు అక్కడ కనిపిస్తవి. నేను వెళ్ళిన రోజున అందరూ తలలు పైకెత్తి గుమ్మటాలనే చూస్తున్నారు. నీళ్ళు వేడెక్కింది ఎక్కడ, పొగ పోయింది ఎటు అని అడిగినవారు ఒక్కరూ లేరు. నిజానికి హమాము సంగతులలో సగం ఆ ప్రశ్నలోనే ఉన్నవి.

ఈ విద్య అరబ్బులు కొత్తగా కనిపెట్టింది కాదు. రోమనుల నుంచి వచ్చింది. క్రీ.పూ. మొదటి శతాబ్దపు వాస్తుకారుడు విట్రూవియస్ దాని లెక్క చెప్పాడు. రెండడుగుల ఎత్తున ఇటుకల బొడ్డుకంబాలు వరుసగా కట్టి, వాటి మీద పెద్ద పెంకులు పరచి నేల చేయాలట. కింది మట్టాన్ని పొయ్యి వైపు వాలుగా ఉంచాలట. ఎంత వాలు అంటే, లోపలికి ఒక బంతి విసిరితే అది తనంతట తానే పొయ్యి నోటికి దొర్లి రావాలి! అప్పుడే వేడి నేల అడుగునంతా సులువుగా పరచుకుంటుందని ఆయన లెక్క. ఉమయ్యదుల కాలంలో, 743కు పూర్వం, యువరాజు వలీద్ ఇబ్న్ యజీద్ నేటి జోర్డాన్ ఎడారిలో కట్టించిన ఖుసైర్ అమ్రా స్నానశాల ఈ పద్ధతినే నడిచింది. తరువాతి కాలంలో సిరియా మేస్త్రీలు నేల అడుగంతా బోలుగా వదిలే పద్ధతి మానుకుని, పొయ్యి నుంచి ఎదుటి గోడలోని పొగగొట్టం దాకా ఒక కాలువలా దారి తీశారు. మన వలీమా విందులలో తవ్వే గాడిపొయ్యిని తలచుకోండి. ఒక చివర మంట పెడితే వేడి ఆ గాడి వెంట డేగిసాలన్నిటి కిందా పాకుతుంది. ఆ గాడి మీద రాతిపలకలు పరచి పూడిస్తే అదే హమాము నేల. ఇరాన్‌లో ఈ దారులకు ‘గుర్బరూ’, అనగా పిల్లిబాట అని పేరు. పిల్లి తప్ప మరొకటి దూరలేనంత ఇరుకు అని భావం.

పిడుగురాళ్ళ సున్నపు బట్టీలలో జీవితమంతా గడిపిన ఒక వృద్ధునికి నేను ఈ పటం గీసి చూపించాను. గుమ్మటం, తొట్టి, రాగి కాగు, అన్నీ చెప్పాను. ఆయన అన్నీ విని, “పొగ ఎటు పోతది సాయిబు గారూ?” అని ఒక్క మాట అడిగాడు. పుస్తకాలు తిరగవేసి నేను నెలలకు తెలుసుకున్నది ఆయనకు ఒక్క చూపులో తట్టింది.

ఎందుకంటే హమాముకు వచ్చే జబ్బులలో మొదటిది అదే. పొయ్యిలో మంట బాగానే మండుతుంది, కాగులో నీళ్ళు కాగుతవి, కాని వేడిగది నేల మాత్రం చల్లగా ఉంటుంది. దాని అర్థం పిల్లిబాట మసితో, బూడిదతో పూడిపోయిందని. వేడిగాలికి ముందు దారి లేక పొయ్యి నోటి నుంచే వెనక్కు తన్నుతుంది. ఇరాన్‌లో పొయ్యిని ‘తూన్’ అని, మంట వేసేవాడిని ‘తూన్‌తాబ్’ అని అంటారు. ఆ మనిషి కళ్ళు ఎర్రబడితే నేల చల్లబడబోతున్నదని తెలుసుకోవచ్చు. చెత్త, గడ్డి, ఎండిన పేడ తగలబెట్టే చోట ఈ బాధ మరీ ఎక్కువ. పెద్ద నగరాలలో కట్టెలు కొని కాల్చే స్తోమత ఎందరికి ఉంటుంది? కైరోలో వీధుల చెత్తనే హమాముల పొయ్యిలలో వేసేవారు. ఆ వేడి బూడిదలో చిక్కుడుగింజల కుండలు రాత్రంతా పాతిపెట్టి ఉడికించటం అక్కడి వాడుక. ఈజిప్టువారి ప్రసిద్ధమైన ‘ఫూల్’ ఆ విధంగా వీధివీధికీ చేరింది. ఒక ఊరి చెత్త ఆ ఊరి స్నానమూ, ఆ ఊరి ఉదయపు భోజనమూ అయిందన్నమాట.

పూడిపోయిన బాటకు మందు ఒక్కటే. మంట ఆర్పి, రాయి చల్లారేదాకా ఆగి, పలక ఎత్తి, మసి తోడాలి. అంటే హమాము మూతపడాలి, రాబడి ఆగాలి. అందుచేతనే ఈ పని ఎప్పుడూ వాయిదా పడేది. మళ్ళీ వెలిగించే నాడు మరొక చిక్కు. చల్లబడ్డ పొగగొట్టంలో గాలి బరువుగా నిలిచిపోయి పొగను పైకి లాగదు. పొగగొట్టం మొదట్లో ముందు ఒక గడ్డికట్ట మండించి దానిని వెచ్చబరిస్తే గాని అసలు మంట ఊపిరి పీల్చదు. ఇటుకబట్టీ వేసినవారికి ఈ సంగతి కొత్త కాదు.

రెండవ జబ్బు నీటిది, నా దృష్టిలో ఎక్కువ చెరుపు చేసేది కూడా ఇదే. స్నానం చేసేచోట నీళ్ళు పడక తప్పదు. అతుకులలో సన్నని బీట ఉన్నా ఆ నీరు కిందికి దిగి, వేడి దారిలో ఆవిరై, సున్నాన్ని వదులు చేస్తుంది. కొంతకాలానికి కింది కంబం ఒరుగుతుంది, పైపలక కుంగుతుంది, కుంగినచోట మళ్ళీ నీరు నిలుస్తుంది. ఒక మూల అరికాలు కాలుతూ మరొక మూల మంచులా ఉంటే ఈ కుంగుబాటునే ముందు అనుమానించాలి. బాగ్దాదువారు దీనికి చక్కని ఉపాయం చేశారు. 1327లో అక్కడికి వెళ్ళిన ఇబ్న్ బతూతా, స్నానశాలల నేలకు, గోడల కింది సగానికి ఖీర్ (తారు) పూసి ఉండటం, అది నల్లని చలువరాయిలా మెరవటం చూసి అబ్బురపడ్డాడు. కూఫా, బస్రాల నడుమ ఊటగా ఊరే తారు అది. తారు లేని దేశాలలో సున్నంలో ఇటుకపొడి, బూడిద కలిపి మెత్తగా నూరి వాడారు.

కాగు సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. గట్టినీరు కాచే రాగి అడుగున సున్నపు పెచ్చు కడుతుంది. పెచ్చు మందమైతే కట్టెలు రెట్టింపు కాలినా నీరు కాగదు. ఇంట్లో టీ గిన్నె అడుగు చూసిన పల్నాటి ఇల్లాలికి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

ఇవన్నీ చూసుకునే బాధ్యత ఎవరిది? మార్కెట్ల మీద అధికారం గల ముహ్తసిబ్ హమాములను కూడా తనిఖీ చేసేవాడు. 12వ శతాబ్దంలో సిరియాలో షైజరీ వ్రాసిన హిస్బా గ్రంథంలో హమాములకు ఒక ప్రకరణమే ఉన్నది. నేలను గరుకైన వస్తువుతో రుద్దాలి, రేగాకు జిడ్డు అంటుకుని జనం జారిపడకూడదు. తొట్లు, నీటి దారులు శుభ్రం చేయాలి. రోజుకు రెండుసార్లు సాంబ్రాణి వేయాలి. నమాజు కోసం శుద్ధి పొందవలసినవారు ఉంటారు గనుక తెల్లవారకముందే తలుపు తెరవాలి. ఈ ఆఖరి నియమం గమనించదగినది. తెల్లవారకముందు నేల వెచ్చగా ఉండాలంటే తూన్‌తాబ్ అర్ధరాత్రే లేవాలి.

మరమ్మతు ఖర్చు దగ్గరికి వచ్చేసరికి ఫిఖ్హ్ పండితులు రంగంలోకి దిగారు. ఎంత నీరు వాడతాడో, ఎంతసేపు ఉంటాడో తెలియకుండా స్నానానికి రుసుము పుచ్చుకోవటం సరియైనదేనా అన్న ప్రశ్నకు, జనబాహుళ్యపు ఆచారాన్ని బట్టి అది సమ్మతమేనని మర్గీనానీ (మరణం 1197) తన ‘హిదాయా’లో తేల్చాడు. ఇక కిరాయిదారుకూ యజమానికీ మధ్య తగాదా. ఉస్మానియా ప్రభుత్వం 1869-76 మధ్య క్రోడీకరించిన ‘మజల్లా’ ప్రకారం వస్తువు అక్కరకు రాకుండా చేసే లోపాలను సరిచేయటం, నీటి దారులను బాగుచేయటం సొంతదారు పని. కిరాయి కాలంలో పేరుకున్న మన్ను, చెత్త తీయించటం కిరాయిదారు పని. వినటానికి తేటగానే ఉన్నది. కాని నేల కింద పేరుకున్న మసిని ఏ ఖాతాలో వేయాలి? కిరాయిదారు మంట వల్ల పుట్టింది గనుక చెత్త అనవచ్చు. పలకలు ఎత్తితే గాని తీయలేము గనుక మరమ్మతు అనవచ్చు. నా మట్టుకు నాకు, బొగ్గుమసి కిరాయిదారుది, కుంగిన కంబం సొంతదారుది అనటం న్యాయంగా తోస్తుంది. ఆ సొంతదారు వక్ఫ్ అయినచోట ముతవల్లీ ఉదాసీనత వల్ల ఎన్ని నేలలు కుంగిపోయాయో అల్లాహ్‌కే ఎరుక.

పొరుగువారి ఫిర్యాదులు వేరే. హమాము పొగ తమ ఇళ్ళను నల్లబరుస్తున్నదని వారు ఖాజీ ముందుకు వెళ్ళేవారు. హాని చేయరాదు, హానికి ప్రతిహాని చేయరాదు అన్న ప్రవచనం ఆధారంగా మాలికీ పండితులు ఇటువంటి తగవులు చర్చించారు. ట్యూనిస్‌లో 14వ శతాబ్దంలో ఇబ్నుర్రామీ అనే మేస్త్రీ ఖాజీకి కట్టడాల నిపుణుడిగా ఉండి, ఈ తగాదాల మీద ఒక గ్రంథమే వ్రాశాడు. తాపీ పట్టిన చేతులు కలం పట్టటం మన చరిత్రలో అరుదు. ఆయన వంటివారు మరో పదిమంది ఉంటే ఈ వ్యాసానికి ఇంత తడుములాట ఉండేది కాదు.

ఇక హిందూదేశం. బాబర్ తన స్వీయచరిత్రలో ఇక్కడ హమాములు లేవని వాపోయాడు. ఆగ్రాలో తాను కట్టించుకున్న దానిని గురించి ఆయన చెప్పిన సంగతి రెంటచింతల వారికి నచ్చుతుంది. ఈ దేశంలో తమను వేధించినవి ఎండ, ఈదురుగాలి, దుమ్ము అని, ఆ మూడింటికీ హమామే విరుగుడని, మండువేసవిలో దాని లోపల చలికి వణుకు పుట్టినంత పని అయ్యేదని వ్రాశాడు. పొయ్యి ఆరిపోతే అదే మందపాటి రాతికట్టడం చల్లని ఇల్లవుతుంది!

నేలను కాచే పద్ధతి నేటికీ నిత్యజీవితంలో సాగుతున్నది కాశ్మీరు మస్జిదులలో. అక్కడ మస్జిదును ఆనుకుని రాతిపలకల నేల గల ఒక గది ఉంటుంది. దాని కింద కట్టెలు మండిస్తారు. వుజూకు వేడినీరు, కూర్చునేవారికి వెచ్చని నేల ఒక్క మంటతోనే దొరుకుతవి. ఊరి పెద్దలు మగ్రిబ్ నుంచి ఇషా వరకు అక్కడే కూర్చుంటారు. ఇక్కడే మనం మూడవ జబ్బును గురించి చెప్పుకోవాలి. ఇది ప్రాణాంతకమైనది. పలకల అతుకులు విడితే పొగ గదిలోకి వస్తుంది. కంటికి కనిపించే పొగ కంటే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ ప్రమాదం. చలికని తలుపులన్నీ మూసిన గదిలో మనిషికి ముందు తలనొప్పి, పిమ్మట మగత వస్తవి. అలాగే నిద్రపోయినవాడు లేవకపోవచ్చు. ఇదే తరహా నేలలు గల కొరియాలో 20వ శతాబ్దంలో బొగ్గు ఇటుకలు వాడుకలోకి వచ్చాక ఎన్నో కుటుంబాలు ఇలా రాత్రికి రాత్రే పోయినవి. బీట ఎక్కడున్నదో పట్టుకోవటానికి, గదిలో ఎవరూ లేనప్పుడు తలుపులు తెరిచిపెట్టి, పొయ్యిలో తడిగడ్డి వేసి, పొగ ఏ అతుకు నుంచి పైకి వస్తున్నదో బయట నుంచి చూడవచ్చు. ఆ పొగ వాయువు జాడను చూపుతుందే గాని వాయువును తొలగించదు. అతుకు బాగుచేసేదాకా మంట పెట్టకూడదు, గాలికి ఒక దారి ఎప్పుడూ మూయకూడదు.

అతుకును దేనితో పూడ్చాలి? మన కాలపు మేస్త్రీ చేయి సిమెంటు సంచి మీదకే పోతుంది. సిమెంటు బిగుసుకుంటుంది, వేడికి రాయి సాగినప్పుడు తాను సాగదు. అతుకు పక్కనే కొత్త బీట పుడుతుంది, లోపలి తడి బయటికి రాలేక రాయినే తింటుంది. గోలకొండ సమాధుల వద్ద 2013 నుంచి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు చేపట్టిన పనిలో పాత మరమ్మతుల సిమెంటును ఊడదీసి తిరిగి సున్నమే వాడారు. సున్నానికి పల్నాడు పుట్టిల్లు. కాని పొయ్యి నోటి దగ్గర మన నాపరాయి పనికిరాదు. పొరలు పొరలుగా ఉన్న రాయి మంట తగిలితే టప్పున పేలుతుంది, 900 డిగ్రీల వద్ద సున్నపురాయి తానే సున్నమై రాలిపోతుంది. అక్కడ కాల్చిన ఇటుక పెట్టి, రాతిపలకను దూరంగా పరచాలి. ఈ మాట నాకు చెప్పింది కూడా ఆ బట్టీ వృద్ధుడే. ఆయన హమాము ఎన్నడూ చూడలేదు.