లెక్కకు ముద్ర వేసేదెవరు? పట్వారి దస్త్రం నుంచి గణితం డిగ్రీ దాకా

అనంతగిరి గుట్టల చుట్టూ ఉన్న మా ఊళ్లల్లో ఒకప్పుడు లెక్క తెలిసినోడు అంటే పట్వారి. ఆయన ఏ యూనివర్సిటీలో చదివిండని ఎవరూ అడగలేదు. తండ్రి దస్త్రం కొడుకు చేతికి వచ్చింది. అదే అర్హత, అదే సర్టిఫికెట్. ఇయ్యాల గణితం డిగ్రీకి వృత్తిపరమైన గుర్తింపు ఉండాలా, ఉంటే ఎవరివ్వాలి అని చర్చించేటప్పుడు ఈ చరిత్రను పక్కన పెట్టలేం.

నిజాం రాజ్యంలో భూమి సర్వే బొంబాయి పద్ధతిలో జరిగింది. 33 అడుగుల గొలుసు, దానికి 16 అణాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న జాగ ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరం. మా తాత సేత్‌సింధి. కొలతలకు అధికారులు వస్తే గొలుసు పట్టి చెల్కల్లో నడిచింది ఆయనే. బడి మొహం చూడలేదు గానీ గట్టు వెంట ఒక్కసారి తిరిగి ఎన్ని గుంటలో చెప్పేవాడు. ఆ లెక్క పహాణీలోకి ఎక్కేది మాత్రం పట్వారి కలంతోనే. ఎవరి పేరు పట్టాదారు గడిలో ఉంటుందో, ఎవరి పేరు అసలే ఉండదో ఆ కలమే తేల్చింది. కొలిచే జ్ఞానం మా తాతకూ ఉంది. దాన్ని చెల్లుబాటు చేసే అధికారమే లేదు.

పుట్టుకే అర్హత అన్న ఈ నియమం స్వాతంత్ర్యం తర్వాత కూడా బతికింది. ఆంధ్ర ప్రాంతంలో 1895 నాటి మద్రాసు చట్టం ప్రకారం గ్రామోద్యోగాన్ని పాత ఉద్యోగి వారసులకే ఇయ్యాలి. గాజుల దశరథ రామారావు కేసులో 1960లో సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని కొట్టేసింది. ప్రభుత్వ ఉద్యోగానికి వంశం అర్హత కాదని చెప్పింది. అయినా తెలంగాణ ఊళ్లల్లో పటేల్ పట్వారీల పెత్తనం పోవడానికి 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

వంశం స్థానంలోకి డిగ్రీ వచ్చింది. ఇది మనకు చిన్న మార్పు కాదు. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు లేకుంటే నాలాంటోళ్లు ఎందరో కాలేజీ గడప తొక్కేవాళ్లే కాదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, అందులోనూ గణితం. దస్త్రం ముందు చేతులు కట్టుకొని నిలబడ్డ తాత మనుమడికి లెక్కల పట్టా వచ్చిందంటే ఊరంతా చెప్పుకున్నది. కాని ఆ పట్టాను గుర్తించేదెవరు?

మన దేశంలో గణితవేత్తల సంఘం పాతదే. 1907లో గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ చొరవతో పుట్టింది. పుస్తకాలు, పత్రికలు పంచుకోవడం కోసం పెట్టుకున్న ఆ సంఘమే తర్వాత ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ అయింది. డిగ్రీలకు ముద్ర వేయడం దాని పని కాదు. బ్రిటన్‌లో 1964లో ఏర్పడ్డ గణిత సంస్థ ఒకటి యూనివర్సిటీ కోర్సులను పరిశీలించి గుర్తిస్తుంది. అర్హత, అనుభవం ఉన్నవారికి ‘చార్టర్డ్ మ్యాథమెటీషియన్’ హోదా ఇస్తుంది. మన దగ్గర ఇంజనీరింగ్ కోర్సులను పరిశీలించడానికి ఎన్‌బీఏ ఉంది. బీఎస్సీ గణితానికి అట్లాంటిది లేదు. 1994లో వచ్చిన న్యాక్ కాలేజీ మొత్తానికి గ్రేడు ఇస్తుంది, గణితం కోర్సుకు విడిగా కాదు.

మరి మనం ముద్రలు లేని స్వేచ్ఛలో ఉన్నామా? లేము. సర్కారు బడిలో లెక్కల పంతులు కావాలంటే డిగ్రీ చాలదు. బీఎడ్ కావాలి. 2011 నుంచి టెట్ కూడా పాసవ్వాలి. ఆ పైన డీఎస్సీ. పరీక్షలు వద్దని నేను అనడం లేదు. కాని పరీక్ష పిల్లవానికే ఎందుకు? నేను చదివిన కాలేజీలో ఒక ఏడాదంతా గణితానికి లెక్చరర్ లేడు. సీనియర్ల నోట్సు రాసుకొని పాసయినం. ఆ లోటుకు జవాబు చెప్పాల్సిన వాళ్లను ఎవరూ పరీక్షకు కూర్చోబెట్టలేదు.

పైగా 2013లో వచ్చిన రూసా పథకం నిధులను న్యాక్ గుర్తింపుతో ముడిపెట్టింది. లెక్చరర్లు, లైబ్రరీ ఉన్న కాలేజీకి మంచి గ్రేడు, దాంతో నిధులు. లేని కాలేజీకి గ్రేడూ రాదు, నిధులూ రావు. వికారాబాద్, తాండూరు లాంటి చోట్ల దళిత పిల్లలు ఏ కాలేజీల్లో చేరుతరో చూస్తే ఈ లెక్క ఎవరి మీద పడుతుందో తెలుస్తది. తాండూరులో నాపరాళ్లు కోసే కూలీ చదరపు అడుగుల లెక్క తప్పు పోడు. ఆయన బిడ్డకు లెక్క రాక కాదు, ఆమె కాలేజీకి లెక్చరర్ రాకనే పట్టా పలచనైతది.

అందుకని గణితం డిగ్రీకి గుర్తింపు అవసరం లేదని నేను అనను. కావాలి. కాని అది సర్కారు మీద బాధ్యత మోపేదిగా ఉండాలి. కోర్సుకు ఇంతమంది పర్మనెంట్ లెక్చరర్లు, ఇన్ని పుస్తకాలు, రిజర్వేషన్ పోస్టుల భర్తీ ఉండాలని చెప్పాలి. లేనిచోట నిధులు ఆపొద్దు, ముందు అక్కడికే పంపాలి. ఆ కమిటీల్లో మన జిల్లాల అధ్యాపకులు, మన వాడల నుంచి వచ్చినవాళ్లు కూర్చోవాలి. లేకుంటే దస్త్రం పేరు మారుతది గానీ కలం పాత చేతుల్లోనే ఉంటది. గొలుసు పట్టింది మనమే. ఇక రాసే దగ్గర కూడా మనం ఉండాలి.